దెయ్యం ఎవరి పక్షం?

దెయ్యం కథను మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులభం. కాని ఆ కథ ఎవరి నేరాన్ని ఎవరి నెత్తిన రుద్దుతున్నదో విచారించడం విమర్శకుల బాధ్యత అని నేను భావిస్తాను. ఒక ఉదాహరణ చూద్దాం.

అమెరికాలో, లూసియానా రాష్ట్రంలోని సెయింట్ ఫ్రాన్సిస్‌విల్‌లో మర్టిల్స్ అనే పాత ఎస్టేటు ఉంది. 1796లో దాన్ని నెలకొల్పిన డేవిడ్ బ్రాడ్‌ఫర్డ్, పెన్సిల్వేనియాలో విస్కీ పన్నుపై 1794లో జరిగిన తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. అక్కడినుంచి పారిపోయి వచ్చాడు. పన్ను అన్యాయమన్న ఆ పెద్దమనిషికి బానిసత్వం అన్యాయంగా తోచలేదు. నేడు ఆ బంగళా అతిథిగృహం, ఆవరణలో భోజనశాల. దానికి పేరు తెచ్చినవి దెయ్యం కథలే.

వాటిలో క్లోయీ కథ ముఖ్యమైనది. ఆమె బ్రాడ్‌ఫర్డ్ అల్లుడు క్లార్క్ వుడ్రఫ్ ఇంటి బానిస అట. యజమాని ఆమెను లొంగదీసుకున్నాడట. చాటుగా మాటలు విన్నదని చెవి కోయించాడట. మళ్ళీ అతని దయ సంపాదించాలని, ఇంటివాళ్ళకు జబ్బు చేయించి తానే సేవ చేయవచ్చునని, ఆమె కేకులో గన్నేరాకు కలిపిందట. యజమానురాలూ ఇద్దరు కూతుళ్ళూ చనిపోయారట. తోటి బానిసలే క్లోయీని ఉరితీసి మిసిసిపీ నదిలో పారేశారట.

చరిత్ర ఇలా లేదు. వుడ్రఫ్ భార్య సారా 1823లో, ఒక కొడుకూ ఒక కూతురూ 1824లో పచ్చజ్వరంతో మరణించారు. మరో కూతురు ఆక్టేవియా పెరిగి పెద్దదై పెళ్ళి చేసుకుంది. ఆ ఇంట్లో క్లోయీ అనే బానిస ఉన్నట్టు ఆధారం దొరకలేదు.

కథ అబద్ధమని తేలితే సరిపోదు. దాని అల్లికను గమనించాలి. చెవి కోసినవాడు బతికి బయటపడ్డాడు. చెవి పోగొట్టుకున్నది హంతకురాలైంది. ఆమె కోరింది విముక్తి కాదు, దొర దయ. చివరికి ఉరితాడు కూడా బానిసల చేతికే ఇచ్చి, దొర చేతులను శుభ్రంగా ఉంచారు. ఇక ఆ పొలాల్లో నిజంగా చాకిరీ చేసి చచ్చినవాళ్ళకు దెయ్యాలయ్యే భాగ్యమైనా దక్కలేదు. చరిత్రకారిణి టియా మైల్స్ 2015లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటి దెయ్యాల పర్యటనలనే పరిశీలించి, బానిసల బాధ వినోదంగా అమ్ముడుపోతున్న తీరును ఎత్తిచూపారు.

మన గడీల గురించి, జమీందారీ బంగళాల గురించి కథలు రాసే మిత్రులకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. పాడుబడ్డ గోడల మధ్య ఆడమనిషి ఏడుపు వినిపింపజేసే ముందు, ఆమెను ఏడిపించిన వాడి పేరు కథలో ఉన్నదా అని చూసుకోవాలి.