కంప్యూటరుకూ ఒక దొడ్డి గుమ్మం

పాతకాలపు ఇళ్ళకు వీధి గుమ్మంతో పాటు దొడ్డి గుమ్మం కూడా ఉండేది. చుట్టాలు వీధి గుమ్మంలోంచే వస్తారు. కానీ వీధి తలుపు గడియ బిగుసుకుపోయిన రోజున ఇంటివాళ్ళకు దొడ్డిదారే దిక్కు. లినక్స్‌తో నడిచే కంప్యూటర్లలో అటువంటి గుమ్మం ఇప్పటికీ ఉంది. చాలావాటిలో కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు ఎఫ్3 మీట నొక్కితే బొమ్మలతెర మాయమై, నల్లతెర మీద తెల్లని అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. దీన్నే కన్సోల్ అంటారు. ఆజ్ఞ టైపు చేయడం, జవాబు చదువుకోవడం, అంతే. మామూలు మనుషులకు ఇది ఇంకా ఎందుకు, తీసేయవచ్చు కదా అనే వాదన కొన్నేళ్ళుగా ఉంది. ఆ వాదనలో తెలుగువాళ్ళం కలగజేసుకోవలసిన సంగతి ఒకటుంది. అది తెలియాలంటే నల్లతెర పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూడాలి.

మొదట్లో అసలు తెరే లేదు. 1963లో వచ్చిన టెలిటైప్ 33 అనే యంత్రం సెకనుకు 10 అక్షరాల చొప్పున కాగితపు చుట్ట మీద అచ్చు కొట్టేది. ఇంగ్లీషులో పెద్దబడి అక్షరాలు తప్ప చిన్నబడి కూడా దానికి రాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు శ్రీకారం చుట్టినప్పుడు కంప్యూటరుతో మాట్లాడే సాధనాలు ఇలాంటి టెలిటైపులే. నేటికీ లినక్స్‌లో ప్రతి కన్సోల్‌నూ 'టిటివై' అని పిలవడం ఆ టెలిటైపు జ్ఞాపకమే. తరువాత కాగితం పోయి గాజుతెర వచ్చింది. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన విటి100 టెర్మినల్‌లో 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. లెక్కల పుస్తకంలో గళ్ళ కాగితం లాగా, గడికి ఒక్క అక్షరం. ఈ గళ్ళ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మన చిక్కంతా అక్కడే ఉంది.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇంటి నుంచి విశ్వవిద్యాలయంలోని యూనిక్స్ యంత్రాన్ని అందుకోవడానికి టెర్మినల్‌లా పనిచేసే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. అదే పెరిగి పెరిగి లినక్స్ అయింది. అంటే నల్లతెర లినక్స్‌కు తరువాత తగిలించిన ఆభరణం కాదు, లినక్సే నల్లతెరలోంచి పుట్టింది. మామూలు మనుషుల కోసం బొమ్మలతెరలు తయారుచేసే కెడిఇ 1996లో, గ్నోమ్ 1997లో మొదలయ్యాయి. అప్పటినుంచి నల్లతెర దొడ్డివైపుకు జరిగింది.

తీసేయమనేవారి మాటలో న్యాయం లేకపోలేదు. కన్సోల్‌ను నడిపే భాగం లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ లోపలే ఉంది. పాత రాత, చూసేవారు తక్కువ. 2012 ప్రాంతంలో డేవిడ్ హెర్మన్ అనే ప్రోగ్రామరు దాన్ని కెర్నెల్ నుంచి బయటికి తేవాలని కెఎమ్ఎస్‌కాన్ అనే ప్రయత్నం చేశాడు. 2020లో, తెర మీదుగా పైకి జరిగిపోయిన వరుసలను మళ్ళీ కిందికి తెచ్చుకుని చదివే సదుపాయాన్ని కెర్నెల్ నుంచి తొలగించారు. అందులో భద్రతా లోపాలు బయటపడ్డాయి, బాగుచేసే బాధ్యత తీసుకునేవారు లేరు. ఊడ్చేవాళ్ళు లేని దొడ్డి ఎలా ఉంటుందో అలాగే అయింది.

అయినా ఆ గుమ్మం విలువ నాకు అనుభవం మీద తెలిసింది. బరంపురంలో మా మిత్రులం కలిసి ఉగాదికి ఒక చిన్న సంచిక వేసుకుంటాం. ఒక ఏడాది అచ్చుకు ఇవ్వవలసిన వారంలో కంప్యూటరు డిస్కు పూర్తిగా నిండిపోయి, బొమ్మలతెర రావడం మానేసింది. వ్యాసాలన్నీ అందులోనే ఉన్నాయి. మా మేనల్లుడు నల్లతెర తెరిచి ఫైళ్ళ పట్టిక చూపించాడు. పేర్లన్నీ నేను తెలుగులోనే పెట్టాను, కానీ తెర మీద ఒక్క తెలుగక్షరం లేదు. వరుసగా ఖాళీ గళ్ళే.

"మామయ్యా, ఇందులో మీది ఏది?" అన్నాడు.

"నాకు మాత్రం ఏం తెలుస్తుందిరా!" అన్నాను.

చివరికి మొత్తం అంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకున్నాడు. మరో కంప్యూటరులో తెరిచి చూస్తే ఒత్తు పోలేదు, సున్న పోలేదు.

అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, కనిపించడమే లేదు. కారణం పైన చెప్పిన గళ్ళే. కెర్నెల్‌లోని కన్సోల్ ఒకసారికి 512 అక్షర రూపాలకు మించి పట్టుకోలేదు, ఒక్కొక్క రూపాన్ని ఒక్కొక్క గడిలో కూర్చోబెడుతుంది. మన లిపి అలా కూర్చునేది కాదు. 'స్త్రీ' అని రాయాలంటే సకారానికి గుడిదీర్ఘం పెట్టి, రెండు ఒత్తులు చేర్చాలి. లినక్స్ పుట్టిన 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దొరికింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ రెండింటికీ నల్లతెర మీద పరిచయం కలగలేదు.

ఇది అసాధ్యమా అంటే కాదు. 1980లలో కాన్పూరు ఐఐటిలో రూపుదిద్దుకుని, తరువాత పుణెలోని సి-డాక్‌కు చేరిన జిస్ట్ పరిజ్ఞానం చేసింది ఈ పనే. జిస్ట్ కార్డు బిగించిన కంప్యూటరులో, డాస్ కాలపు అక్షరాల తెర మీదే తెలుగుతో సహా భారతీయ లిపులు కనిపించేవి. తెరలో బొమ్మలు లేకపోవడం తెలుగుకు అడ్డం కాలేదు. తెలుగు కావాలని ఎవరో పూనుకోవడమే కావలసింది.

అందుచేత నా అభిప్రాయం ఇది: నల్లతెర మామూలు మనుషులకు ఉండాలి. ఎందుకంటే తలుపు బిగుసుకుపోయేది వాళ్ళ ఇంట్లోనే, పక్కన ఇంజనీరు ఉండేది కాదు. దాన్ని కెర్నెల్ లోపల ఉంచుతారా, బయట ఉంచుతారా అన్నది నిపుణులు తేల్చుకోవలసిన మాట. బయటికి తెస్తే మంచిదే, 512 రూపాల కట్టు తెగుతుంది. అయితే గడికొక అక్షరం అనే పాత లెక్కను కూడా సడలించాలి. లేకపోతే ఇంగ్లీషు చదవలేనివాడికి ఆ గుమ్మం ఉన్నా మూసినట్టే.

బరంపురంలో, హోసూరులో, షోలాపూరులో మన పిల్లల్లో చాలామందికి నోట తెలుగు ఉంది, కంటికి తెలుగు ఆనదు. ఆ ఖాళీ గళ్ళను చూసినప్పుడు నాకు వాళ్ళే గుర్తొచ్చారు. లోపల ఉన్నదాన్ని పోనివ్వకపోవడం సగం పని. దాన్ని చదువుకోగలిగేలా చేయడం మిగిలిన సగం.