వరస ఉన్నవారి ఆటలు: తెలుగు పెళ్ళి వినోదాల చారిత్రక పరిశీలన

తెలుగు పెళ్ళిలో మంత్రభాగానికి పురోహితుడు బాధ్యుడు, ఖర్చుకు పెద్దలు బాధ్యులు. ఆటలకు బాధ్యులు ఎవరు? బిందెలో ఉంగరం తీయించడం, పూబంతులాట, బొమ్మనప్పగింత, వసంతాలు, అలకపాన్పు, గృహప్రవేశ సమయంలో పేర్లు చెప్పించడం వంటివాటిని మనం ‘ముచ్చట్లు’ అనే ఒక్క మాటలో చేర్చి పక్కన పెడుతున్నాం. ఇవి అతిథుల కాలక్షేపానికి పుట్టినవన్న అభిప్రాయం విద్యావంతుల్లోనూ ఉంది. ఈ ఆటలను ఎవరు ఎవరిచేత ఆడించేవారో, ఎవరిని చూసి నవ్వేవారో గమనిస్తే ఆ అభిప్రాయం నిలవదు. వధూవరుల వయస్సు, బంధుత్వపు వరస అనే రెండు ఆధారాలతో ఈ వినోదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పసిపిల్లల పెళ్ళి

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణకు (1897) ఆంగ్లంలో రాసిన పీఠికలో, విజయనగర మహారాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన శుల్క వివాహాల లెక్కలు ఉన్నాయి. మూడేళ్ళలో నమోదైన పెళ్ళిళ్ళు 1,034. వాటిలో వధువు వయస్సు ఐదేళ్ళుగా ఉన్నవి 99, నాలుగేళ్ళుగా ఉన్నవి 44, మూడేళ్ళుగా ఉన్నవి 36, రెండేళ్ళుగా ఉన్నవి 6, ఏడాదిగా ఉన్నవి 3. ఇవి ఒక వర్ణానికి, ఒక జిల్లాకు చెందిన లెక్కలు. తెలుగుదేశం మొత్తానికి వీటిని వర్తింపజేయకూడదు. అయినా పెళ్ళి ఆటల చరిత్ర రాసేవారు ఈ అంకెల ముందు కాసేపు ఆగక తప్పదు.

ఐదేళ్ళ పిల్లకు పూలబంతి ఇచ్చి ఎదురుగా ఉన్న అపరిచితుడి మీదికి విసరమనడం ఆమెకు నిజంగానే ఆట. నీళ్ళబిందెలో ఉంగరం వెతకడమూ అంతే. ఐదు రోజుల పెళ్ళిలో లగ్నానికీ నాకబలికీ మధ్య పిల్లలను పీటల మీద కూర్చోబెట్టి ఉంచడానికి ఆటకు మించిన ఉపాయం పెద్దలకు దొరికి ఉండదు. కానీ వరుడు అన్నివేళలా బాలుడు కాడు. ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లుకు నిశ్చయమైన సంబంధాన్ని గుర్తుచేసుకుంటే చాలు. అటువంటి జంట మధ్య పూబంతి ఎగిరే దృశ్యాన్ని ఊహించినప్పుడు, ఆటకు ఆడేవారి సమ్మతి అక్కరలేని కాలం ఒకటి ఉండేదని అర్థమవుతుంది.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. బాల్యవివాహంలో పెళ్ళి ముగిశాక పిల్ల పుట్టింటికే తిరిగివచ్చేది. కాపురం ఈడేరిన తర్వాత. కాబట్టి ఈ ఆటలు దంపతుల పరిచయం కోసమేనన్న వివరణ సగమే సరిపోతుంది. భర్త కంటే ముందు అత్తవారి ముఖాలు, గొంతులు పిల్లకు అలవాటు కావాలి. చీరతో కట్టిన ఉయ్యాలలో బొమ్మను వేసి జోలపాడించి, ‘బిడ్డను నువ్వెత్తుకో’ అంటూ ఒకరికొకరిచేత అప్పగింపజేసే ఆటలో రాబోయే కాపురానికి అభ్యాసం కనిపిస్తుంది. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రచురించిన ఏడు సంపుటాల కులాల గ్రంథంలో తెలుగు వ్యవసాయ కులాల పెళ్ళిళ్ళలో వరునిచేత ఉత్తుత్తి దుక్కి దున్నించే తంతు నమోదైంది. బొమ్మ, నాగలి రెండూ పిల్లలకు ఆటవస్తువులు, పెద్దలకు బతుకుతెరువు.

బ్రిటిష్ ఇండియాలో 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళ కనీస వయస్సును నిర్ణయించింది. 1978 సవరణతో అవి 18, 21 అయ్యాయి. ఆటలు మాత్రం మారలేదు. నేటి వధూవరులు పసివారుగా నటిస్తూ వాటిని ఆడుతున్నారు.

ఆట పట్టించే హక్కు

తెలుగులో ‘వరస’ అన్న మాట బంధుత్వాన్నీ క్రమాన్నీ చెబుతుంది. బావ, మరదలు, వదిన, మరిది, వియ్యపురాలు: వీరి మధ్య వేళాకోళానికి అనుమతి ఉంది, మామగారికీ కోడలికీ మధ్య లేదు. ఆఫ్రికా సమాజాల ఆధారంగా రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో చర్చించిన పరిహాస బాంధవ్యం తెలుగువారికి సిద్ధాంతంగా కొత్తదేమో గాని అనుభవంగా పాతది. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళను ఎవరిమీద చల్లవచ్చో, ఎవరిమీద చల్లకూడదో వసంతాలాడే పిల్లలకు ఒకరు నేర్పనక్కరలేదు.

ఈ ఆటల్లో చాలావాటిలో ఒక ఒప్పందం దాగి ఉంటుంది. కొత్త దంపతులు గడప దాటకుండా ఆడపడుచు అడ్డుపడుతుంది. భర్త పేరు పలకడం తప్పుగా భావించే సమాజంలో ఆ పేరును అందరి ముందు కోడలిచేత పలికిస్తుంది. ‘నీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తావా’ అని మాట తీసుకుంటుంది. నవ్వుల మధ్య సాగే ఈ సంభాషణ మేనరికపు హక్కును వచ్చే తరానికి రాసిపెట్టడమే. అలకపాన్పు ఎక్కిన అల్లుడి కోరికలను కూడా వినోదంగా మాత్రమే చూడలేం. అక్కడ నవ్వు కట్నపు బేరానికి ముసుగు.

దీనికి ఎదురుగా నిలిచినవి వియ్యాలవారి పాటలు. మగపెళ్ళివారు భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు ఆడపెళ్ళివారి స్త్రీలు వియ్యపురాలి పిసినారితనాన్నీ తిండినీ నడకనూ వెక్కిరిస్తూ పాడేవారు. విందువేళ పరిహాసానికి కావ్యప్రమాణం కూడా ఉంది. శ్రీహర్షుని నైషధం 16వ సర్గలో దమయంతి పెళ్ళి విందులో వడ్డించే స్త్రీలకూ వరుని పక్షంవారికీ మధ్య సరసోక్తులు విస్తారంగా సాగుతాయి. ఆ కావ్యాన్నే శ్రీనాథుడు తెలుగు చేశాడు. కావ్యంలోని పరిహాసం శృంగారం వైపు మొగ్గితే, పాటల్లోని పరిహాసం అధికారం మీదికి గురిపెట్టింది. కట్నం ఇచ్చి, కాళ్ళు కడిగి, పిల్లను అప్పగించిన పక్షంలోని స్త్రీలు మగపెళ్ళివారిని నోరారా అనగలిగిన సందర్భం అదొక్కటే. అవి మోటుపాటలన్న ఆక్షేపణను నేను కాదనను. మోటుదనం పోవాలని పాటనే పోగొట్టుకోవడం వల్ల నష్టపోయింది ఆడపెళ్ళివారు మాత్రమే.

మేళం నుంచి మైకు దాకా

వరస లేని అతిథులకు వేరే వినోదం ఉండేది. సంపన్నుల పెళ్ళిళ్ళలో భోగం మేళం అటువంటిది. కందుకూరి వీరేశలింగం ఆ మేళాల మీద చేసిన పోరాటం సుప్రసిద్ధం. మేళం ఊరి పెద్దలకు, ఆటపాటలు ఇంటి బంధువులకు. ఈ విభజన అప్పట్లో స్పష్టంగా ఉండేది.

నేటి రిసెప్షన్ ఆ విభజనను చెరిపేసింది. పెళ్ళి ఒక రాత్రికి కుదించుకుపోయింది. అతిథుల్లో సహోద్యోగులు, ఇరుగుపొరుగు, పరిచయస్తులు ఎక్కువయ్యారు. సహోద్యోగికి వధువుతో వరస లేదు కనుక ఆట పట్టించే హక్కూ లేదు. ఆ ఖాళీలోకి మైకు పట్టుకున్న యాంకర్ ప్రవేశించాడు. ఇల్లు ఎవరు ఊడుస్తారు, ముందు సారీ ఎవరు చెబుతారు అంటూ జంటను అడిగే ప్రశ్నలకు హాలంతా నవ్వుతుంది. ఇక్కడ హాస్యం దిశ మారింది. ఒకప్పుడు వియ్యపురాలి వైపు సాగిన వెక్కిరింత ఇప్పుడు వేదిక మీద కదలకుండా కూర్చున్న వధువు మీద పడుతోంది. కూలికి వచ్చిన యాంకర్ డబ్బిచ్చినవారిని వెక్కిరించలేడు కదా!

చెప్పులు దాచే ఆట మరో ఉదాహరణ. ఉత్తరాది పెళ్ళిళ్ళ ఈ ముచ్చటకు 1994 నాటి ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ దేశవ్యాప్త ప్రచారం ఇచ్చింది. ఆ చిత్రం ‘ప్రేమాలయం’గా తెలుగులోనూ వచ్చింది. ఈ ఆట తెలుగిళ్ళలో అంత సులువుగా ఇమిడిపోవడానికి సినిమా ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. మరదళ్ళు బావను అల్లరి పెట్టి డబ్బు రాబట్టడం మన వరసకు సరిగ్గా సరిపోయింది. వరసకు అతికినది బయటినుంచి వచ్చినా నిలిచింది.

పెళ్ళి పాటలను సేకరించేటప్పుడు మనం సాధారణంగా పాఠాన్ని రాసుకుని, పాడినవారి పేరు, ఊరు, కులం నమోదు చేస్తాం. ఆ పాట ఏ వరసవారు ఏ వరసవారిని ఉద్దేశించి పాడారో, ఎదుటిపక్షం బదులు పాడిందో లేదో పాఠం పక్కనే చేరాలి. ఆ వివరం లేకుండా అచ్చయిన వియ్యాలవారి పాట తిట్లదండకంలా కనిపిస్తుంది. దానిని బంతి మధ్య నిలబడి పాడిన స్త్రీలలో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. రిసెప్షన్ హాళ్ళలో వారు ముందువరస కుర్చీల్లో కూర్చుని యాంకర్ మాటలు వింటున్నారు.