సీసం గుండు, రాయి, గైస్

సముద్రం అడుగున మట్టి ఎంత గట్టిదో తెలుసుకోవడానికి అన్నిటికన్నా పాత ఉపాయం ఒకటే: బరువైనదేదో జారవిడిచి, అది ఏం చేస్తుందో చూడడం. ఈజిప్టు తీరం ఇంకా ఒక రోజు ప్రయాణం ఉండగానే తాడు వదిలితే పదకొండు బారల లోతు నుంచి బురద వస్తుందని క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దంలో హెరొడోటస్ రాశాడు. నైలు నది ఒండ్రు అంత దూరం పోయిందన్నమాట. గోదావరి ఒడ్డున పుట్టిన నాకు ఇది వింతగా తోచలేదు. మా పడవవాళ్ళు గెడ దిగిన తీరును బట్టే కింద ఇసుకో బురదో చెప్పేవారు.

ఉద్యోగం కోసం కువైట్ వచ్చాక ఈ కథలో మరో ముక్క దొరికింది. లోతు చూసే సీసం గుండును ఇక్కడి పాత నావికులు బిల్ద్ అనేవారు. గుండు అడుగున గుంటలో కొవ్వు పూసి వదలడం ఎన్నో దేశాల నావికులకు తెలిసిన పద్ధతే. ఇసుకైతే రేణువులు అంటుకొస్తాయి, బురదైతే బురద. ఏమీ అంటకపోతే కింద రాయి.

ముత్యాల వేటలో ఆ గుండు స్థానంలో మనిషే దిగేవాడు. మునిగేవాడు గైస్, పైన తాడు పట్టుకునేవాడు సైబ్, పడవ నడిపించే కెప్టెన్ నాఖుదా. గైస్ ఒక కాలు రాయి కట్టిన తాడులో పెట్టి నేరుగా అడుక్కి పోయేవాడు. రాయిని పైకి లాగేసేవారు, అతను ఊపిరి బిగబట్టి చిప్పలు ఏరేవాడు. వేసవిలో దాదాపు నాలుగు నెలలు ఇదే పని. 1938-39లో కువైట్ పడవ మీద ప్రయాణించిన ఆస్ట్రేలియన్ అలన్ విలియర్స్, గైస్ నాఖుదాకీ, నాఖుదా వర్తకుడికీ బాకీ పడి ఉండడం గురించి రాశాడు. వేట బాగుండకపోతే అడ్వాన్సు వచ్చే ఏటి మెడకి చుట్టుకునేది. ఏజెంటుకి కట్టడానికి ఊళ్ళో అప్పు చేసి విమానం ఎక్కిన మన కడప, కోనసీమ వాళ్ళు ఇది చదివితే వేరే వివరణ అడగరు.

జపాన్ పెంపకపు ముత్యాలు, 1930ల మాంద్యం ఆ వ్యాపారాన్ని దెబ్బ తీశాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది.

గుండు మాత్రం మారుతూ వచ్చింది. 1850లలో అమెరికా నౌకాదళానికి చెందిన జాన్ బ్రూక్ ఫిరంగి గుండులోంచి గొట్టం దూర్చి వదిలాడు. అడుగు తగలగానే గుండు విడిపోయేది, గొట్టం మట్టితో పైకొచ్చేది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో గుండులో యాక్సిలరోమీటర్ చేరింది. మన సెల్‌ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మను తిప్పేది ఆ జాతి పరికరమే. మొన దించిన ఇనుప ప్రోబ్ తనంతట తాను పడి మట్టిలో గుచ్చుకుంటుంది. వేగం ఎలా తగ్గిందో సెకనుకి ఎన్నో వందల సార్లు నమోదవుతుంది. ఆ లెక్కను ఒకసారి కూడితే వేగం, రెండోసారి కూడితే దిగిన లోతు. బరువును బట్టి మట్టి ఎంత బలంగా ఎదురు తన్నిందో వస్తుంది. గట్టి ఇసుకలో కొద్ది సెంటీమీటర్లలోనే ఆగుతుంది, మెత్తని బురదలో మీటర్లు దిగుతుంది. చిక్కు ఎక్కడంటే, వేగంగా గుచ్చితే బురద ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. ఆ తేడా తీసివేయడం దగ్గరే ఇంజనీర్లు వాదించుకుంటారు.

పైపు, కేబుల్ వేయడానికి పైపొర చాలు కాబట్టి ఇది పనికొస్తుంది. వంతెనకు చాలదు. కువైట్ అఖాతం మీద 2019లో తెరిచిన షేక్ జాబర్ వంతెన లాంటివాటికి లోతుగా బోర్లు వేయాల్సిందే. అఖాతం ఉత్తరపు ఒడ్డు అంతా షత్ అల్ అరబ్ వైపు నుంచి వచ్చిన బురద. మన గాడిమొగకు 2009 నుంచి గ్యాస్ తెచ్చే పైపులు కూడా కృష్ణా గోదావరులు మోసుకొచ్చిన ఒండ్రు మీదే పడుకుని ఉన్నాయి.

పాత వేటను గుర్తు చేసుకోవడానికి 1986లో కువైట్‌లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. కుర్రాళ్ళు చెక్క పడవల్లో వెళ్ళి, తాతల్లాగే మునిగి చిప్పలు తెచ్చేవారు. అప్పు లేకుండా.