ఎడ్లబండి ఇరుసు నుంచి కారు స్టీరింగ్ దాకా: ముందు చక్రాల జ్యామితి – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) వంటి వ్యవసాయ ప్రాంతాలలో ఎడ్లబండి మలుపు తిరగడం ఎవరికీ వింతగా తోచదు. బండి చక్రాలు రెండూ ఒకే ఇరుసుపై విడివిడిగా తిరుగుతాయి. ఎద్దులు నొగను పక్కకు లాగగానే బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం దొర్లుతాయి. రెండు వృత్తాల కేంద్రమూ ఇరుసు రేఖపైనే ఉంటుంది కనుక ఏ చక్రమూ పక్కకు ఈడ్చుకుపోదు. నాలుగు చక్రాల వాహనానికి ఈ వీలు సహజంగా లభించదు. ఆ వీలును మనిషి ఎలా సాధించాడో, సొంతంగా కారు నిర్మించేవారికి ఆ చరిత్ర ఎందుకు అవసరమో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చారిత్రక నేపథ్యం

ఐరోపా గుర్రపు బగ్గీలలో ముందు ఇరుసు మొత్తం నడిమి కీలుపై తిరిగేది. మలుపు ఎక్కువైనకొద్దీ బండికి ఆధారం ఇరుకై, బోల్తాపడే ప్రమాదం ఏర్పడేది. ఇరుసును కదలనీయక, రెండు కొనల వద్ద చక్రాలను వేర్వేరు కీళ్లపై తిప్పే పద్ధతిని మ్యూనిక్ బగ్గీల నిర్మాత గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించాడు. అతని ప్రతినిధిగా రుడాల్ఫ్ అకర్‌మన్ 1818లో లండన్‌లో పేటెంటు పొందాడు. ఆ జ్యామితికి అకర్‌మన్ పేరే స్థిరపడింది. కార్ల్ బెంజ్ 1886 నాటి తన వాహనానికి ముందు ఒకే చక్రం అమర్చి ఈ చిక్కును తప్పించుకున్నాడు. 1893లో గాని ఆయన నాలుగు చక్రాలకు తగిన స్టీరింగుకు పేటెంటు పొందలేదు.

కొలతలలోని మర్మం

ముందు, వెనుక ఇరుసుల నడుమ 240 సెంటీమీటర్లు, ముందు కింగ్‌పిన్‌ల నడుమ 120 సెంటీమీటర్లు ఉన్న కారును తీసుకుందాం. లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది సుమారు 24 డిగ్రీలే తిరగాలి. ఇందుకోసం స్టీరింగ్ ఆర్ములను సుమారు 14 డిగ్రీలు లోపలికి వంచుతారు. వాటి రేఖలను పొడిగిస్తే వెనుక ఇరుసు మధ్యలో కలుస్తాయి. అదే కారును 120 సెంటీమీటర్లకు కుదిస్తే బయటి చక్రం 20 డిగ్రీలే తిరగాలి. ఆర్ముల వంపు 26 డిగ్రీలు దాటాలి.

హైదరాబాద్‌లోని సుధా కార్స్ మ్యూజియంలో కన్యబోయిన సుధాకర్ నిర్మించిన క్రికెట్ బ్యాటు, కెమెరా, వంకాయ ఆకారపు కార్లున్నాయి. ఆకారాన్ని బట్టి ఇరుసుల దూరం మారే ఇటువంటి నిర్మాణాలలో పాత కారు భాగాలను ఉన్నవి ఉన్నట్టు బిగిస్తే పై లెక్క తప్పుతుంది. 2005లో గిన్నిస్ గుర్తింపు పొందిన ఆయన భారీ ట్రైసైకిల్‌కు, బెంజ్ తొలి వాహనానికి వలెనే, ఈ చిక్కు లేదు. దాని ముందు చక్రం ఒక్కటే.

సస్పెన్షన్ మరొక షరతు విధిస్తుంది. చక్రం గతుకులో పైకి కిందికి కదిలేటప్పుడు టై రాడ్డు కొన గీసే చాపం, సస్పెన్షన్ ఆర్ముల చాపంతో పొసగాలి. లేకుంటే డ్రైవరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి వేగంలో అది ప్రాణాంతకం.

ముగింపు

ఎడ్లబండికి ఇరుసే ఇచ్చిన న్యాయాన్ని కారుకు కొలత ఇవ్వాలి. రూపకర్త పేరు మరుగై, పత్రం దాఖలు చేసిన వ్యక్తి పేరు నిలవడం మరో పాఠం. మన షెడ్లలోని మెకానిక్కుల కొలతలు కూడా తెలుగులో నమోదు కావాలి.