అల్-అహ్సాలో ఖర్మతీల సమష్టి రాజ్యం

ఐరోపాలో సోషలిజమనే మాట పుట్టడానికి తొమ్మిది శతాబ్దాలకు పూర్వమే అరేబియా తూర్పు తీరాన ఖర్మతీలు ఒక సమష్టి రాజ్యాన్ని నెలకొల్పారు. నాడు ఆ తీరమంతటినీ బహ్రైన్ అనేవారు. ఈ ఇస్మాయీలీ శాఖకు పునాది ఇరాక్‌లోని కూఫా పల్లెల్లో పడింది. అక్కడ హమ్దాన్ ఖర్మత్ అనుయాయులు పశువులను, నగలను, సామానును ఒకేచోట పోగుచేసి, అవసరాన్నిబట్టి పంచుకున్నారని గ్రంథాలు చెబుతాయి. (ఆ గ్రంథకర్తలు చాలవరకు వారి ప్రత్యర్థులే సుమా!) 899 (హి. 286) ప్రాంతంలో అబూ సయీద్ జన్నాబీ బహ్రైన్‌లో అధికారాన్ని స్థాపించాడు.

అతని కుమారుడు అబూ తాహిర్ పేరు వింటేనే ముస్లిముల మనసు కలుక్కుమంటుంది. 930 (హి. 317) హజ్ దినాల్లో అతడు మక్కాపై పడి హాజీలను ఊచకోత కోయించాడు, శవాలను జమ్‌జమ్ బావిలో వేయించాడు, హజ్రె అస్వద్‌ను పెకలించుకుపోయాడు. 951లో గాని అది కాబాకు తిరిగి రాలేదు. ఈ ఘోరాన్ని తలచిన చాలామంది చరిత్రకారులు అల్-అహ్సా లోపలి వ్యవస్థ వైపు చూడనేలేదు.

చూసినవాడు పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో. అతడు 1051లో అక్కడికి చేరాడు. అతని 'సఫర్‌నామా' ప్రకారం ప్రజలనుండి ఉష్ర్ వసూలు లేదు. అప్పులపాలైనవానికి ఖజానా సొమ్మిచ్చేది. అసలు తీర్చితే చాలు, వడ్డీ లేదు. పనితనం తెలిసిన పరదేశి వస్తే, నిలదొక్కుకునేదాకా పెట్టుబడి దొరికేది. ప్రభుత్వపు మిల్లుల్లో ధాన్యం ఉచితంగా విసిరేవారు. ఏలిక ఒక్కడు కాదు. ఆరుగురు ప్రభువులు, ఆరుగురు మంత్రులు కలిసి సంప్రదించుకొని పాలించేవారు. జుమా ఖుత్బా మాత్రం లేదు. అయినా నమాజు చేసుకునేవారిని ఎవరూ అడ్డగించలేదట.

చదువుతుంటే ఖర్జె హసన అక్షరాలా అమలైందనిపిస్తుంది. కాని అదే వర్ణనలో మరొక లెక్క ఉంది: పొలాల్లో, తోటల్లో పనికై కొన్న జంజీ, హబషీ బానిసలు 30,000. పౌరుని ఇల్లు కూలితే ఉచితంగా బాగుచేయడానికి పంపింది కూడా బానిసలనే! పన్ను లేకపోవడంలోని రహస్యం చాలవరకు ఇదే. ఖర్మతీలను తొలి సోషలిస్టులని పొగిడే ఆధునికులు కొందరు ఈ లెక్కను తేలికగా దాటవేస్తారు. ప్రవక్త (స) మదీనాలో కలిపిన సోదరబంధంలో విముక్త బానిసలకూ చోటుండేది. ఇక్కడ బానిస రాజ్యపు ఆస్తి.

రెండో ఆధారం కత్తి. హాజీల బిడారులనుండి రక్షణ సుంకం, పొరుగు రాజ్యాలనుండి ధనం రాబట్టేవారు. 988లో ముంతఫిక్ తెగ చేతిలో ఓడాక ఆ రాబడి సన్నగిల్లింది. తర్వాత, నేడు బహ్రైన్ అంటున్న ఉవాల్ ద్వీపంలో అబుల్ బహ్లూల్ తిరగబడి, అబ్బాసీ ఖలీఫా పేరిట ఖుత్బా చదివించాడు. ఓడల సుంకమూ పోయింది. ఏళ్ళ తరబడి సాగిన ముట్టడి తర్వాత, 1077 ప్రాంతంలో అబ్దుల్లా ఉయూనీ సల్జూఖీ సైన్యాల తోడ్పాటుతో అల్-అహ్సాను వశపరచుకున్నాడు.