గురక పెట్టే ఎద్దు, దాగి ఉన్న జాతులు

మీది గోదావరి డెల్టా పల్లె అయితే, పశువుల పాకలో ఎద్దు గురక పెట్టడం ఎప్పుడో విని ఉండవచ్చు. పశువైద్యులు దీన్ని గురక వ్యాధి అంటారు. షిస్టోసోమా నాసేల్ అనే ఫ్లూక్ పురుగు ముక్కు సిరల్లో చేరి గుడ్లు పెడుతుంది. వాటి చుట్టూ కాలీఫ్లవర్ పువ్వులా కండ పెరిగి గాలి దారి పూడుకుపోతుంది. అలాంటి ఎద్దుతో దమ్ము చేయించడం కష్టం. గేదెలో మాత్రం అదే పురుగు ఉన్నా పెద్దగా బయటపడదు.

ఈ పురుగును మద్రాసులో వర్ణించి, 1933లో పేరు పెట్టినవారు ఎం. అనంతనారాయణరావు. పేగుల సిరల్లో ఉండే షిస్టోసోమా స్పిండేల్‌కు 1906లోనే పేరుంది. నాసేల్ గుడ్డు బూమరాంగ్‌లా వంగి ఉంటుంది, స్పిండేల్ గుడ్డు కదురులా ఉంటుంది. పెద్ద పురుగులు మాత్రం దాదాపు ఒకే పోలిక. అందుకే నాసేల్ వేరే జాతి కాదనే వాదన కూడా చాలాకాలం నడిచింది. ఆకారం, అతిథేయి, ఏ అవయవంలో దొరికింది అన్నవే అప్పటి ఆధారాలు. 2000 తర్వాత డి.ఎన్.ఏ. వరుసలను పోల్చినప్పుడు రెండూ వేర్వేరు జాతులని స్పష్టమైంది.

అడవి జంతువుల విషయంలో ఈ పద్ధతి విలువ ఇంకా ఎక్కువ. పాతరోజుల్లో పెద్ద పురుగు కావాలంటే జంతువు చచ్చేదాకా ఆగాలి. ఇప్పుడు పేడలోని గుడ్డు చాలు. ఏనుగు రక్తనాళాల పురుగు బైవిటెల్లోబిల్హార్జియా నైరీని 1945లో మద్రాసు ప్రాంత పరిశోధకులే వర్ణించారు. దాన్ని ఏనుగు పురుగుగానే చదువుకున్నాం, మేమూ అలాగే పాఠం చెప్పాం. నేపాల్‌లోని చిత్వన్‌లో ఖడ్గమృగాల పేడలో దొరికిన గుడ్ల డి.ఎన్.ఏ. పరీక్షిస్తే అదే పురుగు తేలింది. ఆ ఫలితం 2014లో అచ్చయింది.

ఇక నత్త సంగతి. నాసేల్, స్పిండేల్ రెండింటికీ మాధ్యమిక అతిథేయి ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్. నాచు పట్టిన నిలవ నీరు దానికి ఇష్టం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలతో, బోదెలతో, వరిమళ్లతో డెల్టా నిండా అలాంటి చోట్లు ఏర్పడ్డాయి. ఆసియాలో పలుచోట్ల సేకరించిన ఈ నత్తల డి.ఎన్.ఏ. చూస్తే, ఒకే పేరు కింద ఎంతో దూరమైన అనేక వంశాలు కనిపించాయి. దూరం ఉన్నంత మాత్రాన ప్రతి వంశానికీ కొత్త పేరు పెట్టేయడం నాకు సమ్మతం కాదు. శరీర నిర్మాణం, సంతానోత్పత్తి కూడా చూడాలి. అయితే ఏ వంశపు నత్త ఏ పురుగును మోస్తుందో విడదీయకుండా కాలువలో మందు చల్లితే ఖర్చు మిగులుతుంది, గురక ఆగదు. కాబట్టి పాత నివేదికలో ఈ నత్త పేరు కనబడితే, నమూనా ఏ ఊరి నీటిలోదో, ఏ సంవత్సరానిదో పక్కన రాసుకోండి.