పైచెయ్యి మాట: జబర్దస్తీ

నస్పూర్‌లో సింగరేణి బొగ్గుగని కార్మికుల ఇళ్ల మధ్య తరచూ వినిపించే మాట: "జబర్దస్తీ చేయకు." ఇది ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా నిజాం కాలపు తెలంగాణలో పాతుకుపోయింది. 'జబర్' అంటే పైన, 'దస్త్' అంటే చెయ్యి. అచ్చంగా మన 'పైచెయ్యి'. సంతకాన్ని దస్కత్తు అనడంలోనూ ఉన్నది ఈ చెయ్యే.

"తమ్మీ, నా బదులు నైట్ షిఫ్టుకు నువ్వే పోవాలె" అని మీదపడితే జబర్దస్తీ. "ఈ వారం నాకు వీలుకాదన్నా, వచ్చేవారం చూద్దాం" అంటే అది కాదు. రెండో మనిషీ గట్టిగానే మాట్లాడాడు, కానీ అవతలివాడి మీద చెయ్యి వేయలేదు. గొంతు పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ కొలత కానే కాదు. బొగ్గుబావి హోరులో పనిచేసేవాళ్ల గొంతు ఎలాగూ పెద్దదే!

నిలదీయడం వేరు. అందులో ప్రశ్న ఉంటుంది, జవాబుకు చోటుంటుంది. అయినా రేషన్ తూకం తగ్గిందని నిలదీసిన ఆడమనిషిని 'గయ్యాళి' అనేస్తారు. అది అన్యాయం. ఆమె అడిగింది తన వాటా మాత్రమే.

ఉర్దూలో 'జబర్దస్త్' అంటే 'అద్భుతం' అని కూడా. 2013లో మొదలైన ఈటీవీ హాస్య కార్యక్రమం పేరుతో ఆ రూపం తెలుగిళ్లన్నిటికీ చేరింది. చివర 'ఈ' తగిలితే మాత్రం మెప్పు కాస్తా బలవంతమవుతుంది.